లేవగానే ఎవరి ముఖం చూస్తున్నారు?

రేపట్నుంచి పొద్దున్నే లేచి కాసేపు ప్రశాంతంగా చెట్టూ పుట్టా చూస్తూ గడపాలి అనుకున్నవాళ్లు చాలామంది ముందుగా చేసే పని అలారాన్ని ఏకంగా గంటన్నర ముందుకి పెట్టడం. మూడో రోజుకల్లా దాని నోరు నొక్కేసి ముసుగు తన్ని పడుకుంటారు. అంత తెల్లవారుజామున లేవక్కర్లేదండీ. దీనికి కావాల్సింది పదిహేను, ఇరవై నిమిషాలు. ఆ టైమ్ మీ దగ్గర ఇప్పటికే ఉంది, కాకపోతే పక్కమీద ఉండగానే ఫోన్ తినేస్తోంది.

కాబట్టి మొదట ఫోన్ సంగతి చూడండి. రాత్రి దాన్ని ఇంకో గదిలో ఛార్జింగ్ పెట్టి పడుకోండి. మరి అలారం ఎలా అంటారా, మామూలు అలారం గడియారం ఒకటి తలగడ పక్కన పెట్టుకోండి, చాలు. లేవగానే ఒక్క ఆఫీసు మెసేజ్ కంటపడిందంటే ఆ తర్వాత మనిషి వెళ్లి బయట కూర్చుంటాడు గానీ బుర్ర మాత్రం దానికేం జవాబివ్వాలా అని టెన్షన్ పడుతూనే ఉంటుంది. బయటికి వెళ్లేటప్పుడు కూడా ఫోన్ తీసుకెళ్లొద్దు. టైమ్ చూసుకోవాలంటే చేతికి వాచీ పెట్టుకోండి.

ఇక అసలు విషయం, చోటు. నా లెక్కలో టైమ్ కంటే ఇదే ముఖ్యం. రోజూ ఒకే చోట కూర్చోవాలి. ఈరోజు పార్కు, రేపు చెరువుగట్టు, ఎల్లుండి మేడ అని తిరిగితే రోజూ కొత్తగా ఉంటుంది నిజమే, కానీ ఏ చోటూ మీకు పరిచయం కాదు. నిన్న ముడుచుకుని ఉన్న చిగురు ఈరోజు విప్పుకుందని తెలియాలంటే నిన్న కూడా దాని ముందే కూర్చుని ఉండాలి కదా. చోటు ఎంచుకోవడానికి మూడు చూసుకోండి: పక్కమీంచి లేచి రెండు మూడు నిమిషాల్లో చేరగలగాలి, కాస్త ఆకాశం కనిపించాలి, పచ్చగా ఏదో ఒకటి ఉండాలి. పెరడు, బాల్కనీ, అపార్ట్‌మెంట్ వెనక ఎవరూ పట్టించుకోని మూల, ఏదైనా సరే. అందంగా ఉండాలన్న రూలేం లేదు.

ఇవేవీ లేకపోతే కిటికీ ఉంది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే కాస్త ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. చూసింది 46 మందినే కాబట్టి దీన్ని పట్టుకుని అద్భుతాలు జరిగిపోతాయని చెప్పను, కానీ కిటికీయే కదా అని తీసిపారేయొద్దు.

బయటికి వెళ్లే వీలుంటే మాత్రం బయటికే వెళ్లండి, ఎందుకంటే అక్కడి వెలుతురు వేరు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో లైటు వేసుకున్నా సాధారణంగా వచ్చేది కొన్ని వందల లక్స్. తెల్లారాక బయట మబ్బు పట్టి ఉన్నా అది వేలల్లో ఉంటుంది. మన కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కణాలు కొన్ని ఉన్నాయి, అవి ఈ వెలుతురుని పట్టుకుని తెల్లారిందని మెదడులోని గడియారానికి కబురు పంపుతాయి. పొద్దుటి వెలుతురు ఆ గడియారాన్ని కాస్త ముందుకి జరుపుతుంది, దాంతో రాత్రి నిద్ర కూడా వేళకి ముంచుకొస్తుంది. సూర్యుణ్ణి నేరుగా చూడాల్సిన పని లేదు, చూడకూడదు కూడా. ఊరికే కళ్లు తెరుచుకుని ఉంటే సరిపోతుంది.

సరే, కూర్చున్నాం, ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. మొదటి ఐదారు నిమిషాలు విసుగ్గానే ఉంటుంది, కొంత నిద్రమత్తు, కొంత చెయ్యి ఫోన్ కోసం వెతుక్కోవడం. అది పోనివ్వండి. మీరు రాగానే దగ్గర్లోని పిట్టలు ఎగిరిపోతాయి లేదా గప్‌చుప్ అయిపోతాయి, మీరు కదలకుండా ఉంటే పది నిమిషాల తర్వాత ఒక్కొక్కటే మళ్లీ వాటి పనిలో పడతాయి. ఐదు నిమిషాలు కూర్చుని లేచి వెళ్లేవాళ్లకి ఇదేదీ కనపడదు.

నేల మీద గడ్డి ఉంటే వంగి దగ్గరగా చూడండి. పోచ పొడవునా సన్నటి తడి పరుచుకుని ఉంటే అది మంచు, గాల్లోని ఆవిరి రాత్రి చల్లబడ్డ పోచకి తగిలి నీరయింది. అలాకాకుండా సరిగ్గా కొసన ఒక్కటే గుండ్రటి బొట్టు నిలబడి ఉంటే చాలాసార్లు అది మంచు కాదు, వేళ్లు పీల్చుకున్న నీరే రాత్రి ఒత్తిడికి పైకెక్కి పోచ కొసన ఉన్న సన్నటి రంధ్రంలోంచి బయటికొచ్చింది. వేలితో తుడిచి కాసేపు ఆగితే అక్కడే ఇంకో చిన్న బొట్టు ఊరడం కూడా చూడొచ్చు. మట్టి బాగా తడిగా ఉన్న రోజుల్లో ఇది ఎక్కువ.

ధ్యానం చేసుకోవచ్చా అంటే, అది వేరే టైమ్‌లో చేసుకోండి, కళ్లు మూసుకుంటే ఇవన్నీ ఎవరు చూస్తారు? అలాగే పిట్టల పేర్లు చెప్పే యాప్‌లూ, ఫోటోలూ, స్టేటస్‌లూ వద్దు. స్టేటస్ కోసం చెట్టు కిందకెళ్లేవాళ్లని చూస్తే నాకు భలే చిరాకు. రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద చాలా రాశారు, వాళ్లు చెప్పేదేంటంటే కదిలే ఆకులు, మబ్బులు లాంటివి మన ప్రయత్నం లేకుండానే దృష్టిని పట్టి ఉంచుతాయి, ఆ కాసేపు పట్టుబట్టి ఏకాగ్రత పెట్టే శక్తికి విశ్రాంతి దొరుకుతుంది అని. ఫోటో బాగా వచ్చిందా లేదా అని చూసుకుంటుంటే ఆ విశ్రాంతి ఎక్కడిది!

అలవాటుగా నిలబడాలంటే దీన్ని రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించండి, ముఖం కడుక్కోగానే తిన్నగా ఆ చోటికే అన్నమాట. చెప్పులు, చలికాలమైతే స్వెట్టర్ రాత్రే తలుపు దగ్గర పెట్టేయండి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, ఈ ఇరవై నిమిషాలు పిలవొద్దని. చిన్నపిల్లలుంటే చెప్పినా లాభం లేదనుకోండి, వాళ్లనీ పక్కన కూర్చోబెట్టుకోండి, చీమల్ని మనకంటే వాళ్లే ముందు కనిపెడతారు.

ఒకరోజు తప్పిపోతే కంగారు పడకండి. లండన్‌లో 96 మందితో చేసిన ఒక అధ్యయనంలో కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా వేశారు, మధ్యలో ఒకరోజు పోయినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది వివరాలతో 2019లో వచ్చిన ఇంకో అధ్యయనంలో వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లు ఆరోగ్యంగా, తృప్తిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు, ఒకేసారి గడిపినా ముక్కలు ముక్కలుగా గడిపినా ఒకటే. ఇరవై నిమిషాల చొప్పున ఆరు రోజులు కూర్చుంటే సరిగ్గా అంతే అవుతుంది. అయితే వాళ్లు సొంత పెరట్లో గడిపిన టైమ్‌ని ఆ లెక్కలో కలపలేదు, కాబట్టి బాల్కనీతో సరిపెట్టుకునేవాళ్లు సెలవురోజున కాస్త దూరం వెళ్లి చెట్ల మధ్య నడిచి వస్తే మంచిది.

నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి మాత్రం ఒక మాట. డ్యూటీ దిగి పడుకోబోయే ముందు ఇదంతా చేయకండి, ఆ వెలుతురుకి వచ్చే నిద్ర కూడా పోతుంది. మధ్యాహ్నం లేచినా సాయంత్రం లేచినా, లేచిన తర్వాత వెళ్లి కూర్చోండి.