చూపులేనివారికి పరీక్ష రాసిపెట్టడం ఎలా? అందులో మనకేముంది?

సేవ చేస్తే మనకేమి వస్తుందని అడగడంలో తప్పు లేదు. నాకైతే నోరు కట్టేసుకుని కూర్చోవడం వచ్చింది. అంతకుముందు ఎదుటివాళ్లు సగం మాట అనేసరికే మిగతా సగం నేనే అనేసేవాణ్ణి. ఇంటర్ అయిన ఏడాది, చూపులేని ఒక డిగ్రీ విద్యార్థికి స్క్రైబ్‌గా, అంటే ఆయన చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషిగా వెళ్లాను. మీకూ వెళ్లాలని ఉంటే ఇదీ పద్ధతి.

1. మీ చదువు సరిపోతుందో లేదో చూసుకోండి

ఎక్కువ చదువుకోవడం అనర్హత అయ్యే చోటు బహుశా ఇదొక్కటే. అభ్యర్థి తన వెంట తెచ్చుకునే స్క్రైబ్ ఆయనకంటే ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలని 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. పదో తరగతి పరీక్షలకు తొమ్మిదో తరగతి పిల్లలను వెతికేది అందుకే. నిబంధనలు మారుతుంటాయి, పరీక్షను బట్టి కూడా ఉంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పక చదవండి. పెద్ద చదువులవాళ్లు నిరాశపడనక్కర్లేదు. పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేయడానికి, సాధన పరీక్షలు రాసిపెట్టడానికి ఏ డిగ్రీ అడ్డురాదు.

2. అడిగి చూడండి

హైదరాబాద్ బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాల వంటివి ఉన్న ఊళ్లో అయితే నేరుగా వెళ్లి అడగవచ్చు. లేకపోతే దగ్గరి కళాశాలలో కనుక్కోండి. పరీక్షలకు నెల ముందే వెళ్లడం మంచిది. ఒప్పుకుని చివరి రోజున రాననడం కంటే మొదటే రానని చెప్పడం నయం, అవతల పోయేది ఒకరి ఏడాది.

3. పరీక్షకు ముందే కలిసి కూర్చోండి

రెండు రోజుల ముందు స్క్రైబ్‌ను కలిసి, పనికొస్తారో లేదో చూసుకునే అవకాశం అభ్యర్థికి ఉండాలని అవే మార్గదర్శకాల్లో ఉంది. పరీక్షించేది ఆయన, పరీక్షకు నిలబడేది మీరు. ఏ వేగంతో చెబితే రాయగలరో చూసుకోండి. ప్రశ్నపత్రం మొత్తం ఒకసారి చదివి వినిపించాలా, ఒక్కో ప్రశ్నే చదవాలా అన్నది మాట్లాడుకోండి.

నా అహంకారానికి మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. ఒక పేరా రాయించి, అక్షరం అక్షరం చదవమన్నారు. ‘యుద్ధం’లో ద కింద మళ్లీ ద ఒత్తే పెట్టానని అప్పుడు బయటపడింది. బ్రెయిలీలో ఒత్తులకు వేరే ఆకారాలు ఉండవు. హల్లులు దేనికది విడిగా వరుసలో వస్తాయి, ద తర్వాత ధ అని వేలికి తెలుస్తుంది. నేనేమో ఆ మాటను పన్నెండేళ్లుగా కంటితో చూస్తూ తప్పు రాస్తున్నాను.

4. పరీక్ష గదిలో

గుర్తింపు కార్డు, ఫొటోలు, ఒకే రంగు సిరా ఉన్న రెండు పెన్నులు దగ్గర ఉంచుకోండి. గంటకు కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయం ఇస్తారు. అంటే మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. మీ చేయి నాలుగు గంటలు రాయగలదో లేదో ఇంట్లో ఒకసారి చూసుకోండి.

ప్రశ్నను మార్కులతో సహా రెండుసార్లు చదవండి. లెక్కల్లో మరీ జాగ్రత్త. ‘రూట్ ఎక్స్ ప్లస్ ఒకటి’ అని చదివేస్తే, రూట్ గీత ఎక్స్ మీదే ఆగిందో ఒకటి మీదికీ వచ్చిందో వినేవారికి తెలియదు. గీత ఎక్కడిదాకా ఉందో చెప్పాలి. చూసేవాళ్లం కదా, ఇలాంటివి చెప్పాలన్న ఊహే మనకు రాదు.

ప్రశ్నను ఇలా బయటికి చదవడం అలవాటయ్యాక ‘వివరించండి’కీ ‘చర్చించండి’కీ తేడా ఉందని మొదటిసారి గమనించాను. ఆ తర్వాత నా పరీక్షల్లోనూ రెండుసార్లు చదవనిదే పెన్ను ముట్టుకోలేదు. మార్కులు పెరిగాయా అంటే, కొద్దిగా. అంతకంటే ఎక్కువగా కంగారు తగ్గింది.

5. తెలిసినా చెప్పకండి

అసలు కష్టం ఇదే. చరిత్ర పేపర్లో నిజాం కాలపు నీటి ప్రాజెక్టుల గురించి అడిగారు. ఆయన 1923లో నిజాంసాగర్ పని మొదలైందని సరిగ్గానే చెప్పి, దాన్ని గోదావరి మీద కట్టారని రాయమన్నారు. కట్టింది మంజీరా మీద. ఆ నీళ్లు చివరికి గోదావరిలోనే కలుస్తాయి గాని, జవాబు తప్పు తప్పే. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి ‘గోదావరి’ అని రాశాను. నా అంత నిజాయితీపరుడు లేడని ఆ పూటంతా మురిసిపోయాను కూడా.

బయటికి వచ్చి టీ తాగుతుంటే ఆయనే అన్నారు, “నిజాంసాగర్ మంజీరా మీద కదా, తమ్ముడూ?”

అవునన్నాను.

“గోదావరి అనగానే నీ పెన్ను చప్పుడు ఆగింది. అప్పుడే గుర్తొచ్చింది. మార్పిస్తే నువ్వు చెప్పినట్టే అవుతుందని ఊరుకున్నాను.”

తర్వాతి పేపరుకు పెన్ను ఆపకుండా రాయడం ఇంట్లో సాధన చేసి వెళ్లాను.