తలకు దెబ్బ తగిలినవారిలో గాయం తీవ్రతను వయసును బట్టి అంచనా వేయడం ఎలా

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలలో ఘాట్ రోడ్డు మీద బైకు జారిపడినవారిని గాని, పనసచెట్టు మీదనుంచి పడ్డవారిని గాని మొదట చూసేది మెదడు శస్త్రవైద్యుడు కాదు, దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో ఉన్న డ్యూటీ డాక్టరు, స్టాఫ్ నర్సు. బరంపురమో కొరాపుటో, సరిహద్దు దాటి శ్రీకాకుళమో విశాఖపట్నమో పంపవలసిన అవసరం ఉందా, ఉంటే ఎంత త్వరగా పంపాలి అన్నది వారి అంచనా మీదే ఆధారపడుతుంది. ఈ వివరణ వారిని ఉద్దేశించినదే.

స్పృహ ఎంత ఉందో చెప్పే స్కోరు వేయడానికి ముందు ఊపిరి, మెడ, రక్తపోటు, ఆక్సిజన్, రక్తంలో చక్కెర చూడాలి. ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గినా, రక్తపోటు పడిపోయినా మెదడుకు రెండోసారి దెబ్బ తగిలినట్లే. పైగా ఆ స్థితిలో వేసిన స్కోరు అసలు గాయాన్ని ఉన్నదానికంటే తీవ్రంగా చూపుతుంది. పెద్దవారిలో పై రక్తపోటు 90 కన్నా తగ్గితే ప్రమాదమని అందరూ ఎరిగినదే కాని, 70 దాటినవారిలో 110 కన్నా తగ్గనివ్వకూడదన్నది చాలామంది పట్టించుకోరు.

గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన టీస్‌డేల్, జెనెట్ 1974లో ప్రకటించిన గ్లాస్గో కోమా స్కేలు నేటికీ ప్రధాన కొలమానం. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 చొప్పున మొత్తం 15 పాయింట్లు, కనిష్ఠం 3. మొత్తం 13 నుంచి 15 వరకు ఉంటే స్వల్పమని, 9 నుంచి 12 వరకు మధ్యస్థమని, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రమని పరిగణిస్తారు. 8కి దిగిన రోగి తన శ్వాసమార్గాన్ని తాను కాపాడుకోలేడని భావించి వెంటనే అందుకు ఏర్పాట్లు చేయాలి. అయితే రిఫరల్ చీటీలో ‘స్కోరు 11’ అని మాత్రమే రాయడం దాదాపు ఏమీ రాయనట్లే. ‘కళ్ళు 3, మాట 3, కదలిక 5, సమయం సాయంత్రం 4.20’ అని రాస్తే, మరుసటి ఆసుపత్రిలో చూసేవారికి ఏది తగ్గిందో, ఎంతసేపట్లో తగ్గిందో తెలుస్తుంది. కళ్ళు వాచి మూసుకుపోతే 1 వేయకూడదు, పరీక్షించలేకపోయామని రాయాలి. కదలిక చూసేటప్పుడు చెయ్యి పట్టుకోమనడం కంటే నాలుక చూపించమనడం, రెండు వేళ్ళు ఎత్తమనడం మేలు, ఎందుకంటే అరచేతిలో వేలు పెడితే స్పృహ లేకపోయినా పట్టుకోవచ్చు.

మాట స్కోరు దగ్గరే మన ప్రాంతంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. తెలుగు తప్ప మరొకటి రాని ముసలమ్మను ఒడియాలో తేదీ అడిగి, ఆమె తెల్లబోయి చూస్తే ‘గందరగోళం, 4’ అని రాయడం న్యాయం కాదు. సవర, కువి మాట్లాడేవారి విషయమూ అంతే. వారి భాష తెలిసిన బంధువునో ఆశా కార్యకర్తనో పక్కన పెట్టుకోవాలి, తేదీకి బదులు ఈ నెల ఏది, ఇది ఏ ఊరు, మీ ఊరి సంత ఏ వారం అని అడగాలి. ‘తాగి ఉన్నాడులే, తెల్లారితే లేస్తాడు’ అన్నమాట ఇంతకంటే ప్రమాదకరం. ఇప్పసారా వాసన వచ్చినా స్కోరు తగ్గడానికి కారణం గాయమేనని అనుకుని చూడాలి.

రెండేళ్ళ లోపు పిల్లలకు మాట స్కోరు వేరుగా చూస్తారు. ఊ కొడుతూ ముద్దుమాటలు పలుకుతుంటే 5, చిరాకుగా ఏడుస్తుంటే 4, నొప్పి కలిగించినప్పుడే ఏడిస్తే 3, మూలిగితే 2, శబ్దమే లేకపోతే 1. దానికంటే విలువైనది తల్లి మాట. ‘వీడు ఎప్పటిలా లేడు’ అని ఆమె అంటే దానిని ఒక లక్షణంగానే నమోదు చేయాలి. నడినెత్తి మీది మాడు ఇంకా పూడకపోతే, ఏడవని సమయంలో పిల్లవాడిని కూర్చోబెట్టి మెల్లగా తాకి చూడాలి, ఉబ్బి బిగువుగా ఉంటే లోపల ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి. నుదుటి బొప్పికంటే తల పక్కన, వెనుక ఉన్న మెత్తని వాపు ఎక్కువ ఆందోళనకరం. మూడడుగుల పైనుంచి పడటం, అయిదు సెకన్లకు మించి స్పృహ తప్పడం, ఎముక విరిగినట్లు చేతికి తగలడం కూడా అంతే. పడిన తీరుకూ గాయానికీ పొంతన లేకపోతే, ఎవరైనా కొట్టారేమోనన్న అనుమానాన్ని మనసులో ఉంచుకోవాలి. పసిపిల్లలు ఒక్క నెత్తిచర్మం కింద చేరిన రక్తంతోనే రక్తపోటు పడిపోయి షాక్‌లోకి పోగలరు.

రెండేళ్ళు దాటిన పిల్లల్లో అయిదడుగుల పైనుంచి పడటం, వాంతులు, తీవ్రమైన తలనొప్పి, స్పృహ తప్పడం గమనించాలి. అన్ని వయసులలోనూ కళ్ళ చుట్టూ నల్లగా కమలడం, చెవి వెనుక నీలి మచ్చ, ముక్కు చెవుల నుంచి పల్చని ద్రవం పుర్రె అడుగు భాగం పగిలిందనడానికి గుర్తులు. ఒక కనుపాప పెద్దదై వెలుతురుకు ముడుచుకోకపోతే క్షణం ఆలస్యం చేయరాదు.

యువకులలోనూ నడివయసువారిలోనూ స్పృహ ఎంతసేపు లేదు, దెబ్బ తర్వాత జరిగినవి ఎంతవరకు గుర్తులేవు అన్నవి స్కోరుకు తోడ్పడతాయి. అరగంటకు మించని స్పృహలేమి, ఒక్కరోజుకు మించని మరపు స్వల్ప గాయానికి, ఇరవైనాలుగు గంటలు మించిన స్పృహలేమి, వారం మించిన మరపు తీవ్ర గాయానికి గుర్తులు.

అరవై అయిదు దాటినవారి విషయంలో 15 స్కోరును నమ్మకూడదు. వయసుతో మెదడు కుంచించుకుపోయి పుర్రెలో ఖాళీ పెరగడం వల్ల రక్తం చాలా చేరేదాకా స్పృహ చెడదు, సాగిన సన్నని సిరలు చిన్న దెబ్బకే తెగుతాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడుతున్నారా అని తప్పక అడగాలి, సంచిలోని మాత్రల అట్టలు తీయించి చూడటం ఇంకా నయం. చెవుడు, మతిమరుపు ముందునుంచీ ఉన్నాయా, నిన్న ఎలా ఉన్నారు అన్నది ఇంటివారినే అడగాలి. వీరిని వీలైనంతవరకు సీటీ స్కాన్‌కు పంపడమే సరైన పద్ధతి.

ఒకసారి వేసిన స్కోరుతో పని ముగియదు. 15 చేరేదాకా అరగంటకొకసారి, తర్వాత రెండు గంటలు అరగంటకొకసారి, ఆపై నాలుగు గంటలు గంటకొకసారి చూడాలి. రెండు గంటలైనా 15కు రాకపోయినా, ముందున్న స్కోరు తగ్గినా, ఫిట్స్ వచ్చినా, రెండుసార్లు గాని అంతకు మించి గాని వాంతులైనా పంపే ఏర్పాటు చేయాలి. ఇంటికి పంపుతున్న పెద్దవారి బంధువులకు, మూడు నాలుగు వారాల తర్వాత నడక తడబడినా, మగతగా ఉన్నా, తలనొప్పి వదలకపోయినా పాత దెబ్బ సంగతి చెప్పి చూపించమని వారి భాషలో రాసి ఇవ్వాలి.