స్కాట్లాండ్ పూర్వీకుల్ని వెతకడం ఎలా? తల్లి పుట్టింటి పేరు పట్టుకుని వెనక్కి వెళ్లండి

మా కోడలిది స్కాట్లాండ్. మనవరాలికి తొమ్మిదేళ్లప్పుడు స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. మా వైపు నేను ముత్తాత దాకా చెప్పి ఆగిపోయాను. ముత్తవ్వ పేరు తెలుసు గానీ ఆవిడ ఏ ఇంటి ఆడపడుచో చెప్పేవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. కోడలి వైపు మొదలుపెడితే ఆరు నెలల్లో 1760ల దాకా వెళ్లాం. వాళ్లేమీ జమీందార్లు కారు. మగ్గం నేసుకునేవాళ్లు, పొలాల్లో పాలేర్లు. అయినా దొరికారంటే కారణం ఒక్కటే: స్కాట్లాండ్ రికార్డుల్లో ఆడవాళ్ల పుట్టింటి పేరు పెళ్లితో మాసిపోదు. బిడ్డ పుట్టినప్పుడు, ఆ బిడ్డ పెళ్లప్పుడు, చివరికి చనిపోయినప్పుడు కూడా తల్లి పుట్టింటి పేరు రాస్తారు. ఈ దారం వదలకుండా పట్టుకుంటే చాలు.

మీ ఇంట్లోనూ స్కాట్లాండ్ కోడలో అల్లుడో ఉండొచ్చు. లేదా మీరు సికింద్రాబాద్, విశాఖ, గుంతకల్లు వైపు ఆంగ్లో ఇండియన్ కుటుంబం వాళ్లయి, ఇంటిపేరు స్కాట్లాండ్‌దేమో అన్న సందేహం ఉండొచ్చు. ఎలా వెతకాలో నేను నేర్చుకున్న వరసలోనే చెబుతాను.

1. ముందు ఇంట్లో వెతకండి

పెద్దవాళ్లను అడగండి. పాత ఫొటోల వెనక రాతలు, కుటుంబ బైబిల్ మొదటి పేజీలు, సమాధి రాళ్ల ఫొటోలు చూడండి. ఒక్కొక్కరికీ నాలుగు విషయాలు రాసుకోండి: పేరు, సుమారు సంవత్సరం, ఊరు, తల్లి పుట్టింటి పేరు. తెలియనిది ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు.

"మాది ఫలానా క్లాన్ (ఒకే ఇంటిపేరుతో ఉండే తెగ) దొర వంశం" అని ఇంట్లో చెప్పుకునే మాట కూడా రాసుకోండి, కానీ దాన్ని నమ్ముకుని వెతక్కండి. దొర భూమిలో బతికే రైతులు కూడా ఆ ఇంటిపేరే పెట్టుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు.

2. స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఖాతా తెరవండి

ఇది ప్రభుత్వ వెబ్‌సైట్. ఎడిన్‌బరోలోని నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ నడుపుతుంది. జనన, వివాహ, మరణ రికార్డులు, జనాభా లెక్కలు, పాత పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊళ్లు) రిజిస్టర్లు, వీలునామాలు అన్నీ ఒకేచోట ఉంటాయి. మన ఊళ్లో కూర్చుని చూడొచ్చు. సూచికలో పేరు వెతకడం ఉచితం. అసలు పేజీ చిత్రం తెరవాలంటే మాత్రం క్రెడిట్లు కొనాలి. అందుకని కనిపించిన ప్రతి పేరూ తెరవకండి. సంవత్సరం, పారిష్, తల్లి ఇంటిపేరుతో వడగట్టి, రెండు మూడు పేర్లు మిగిలాకే డబ్బు పెట్టండి.

అక్షరాల విషయంలో పట్టుదలకు పోవద్దు. ఇంటిపేరు ముందు వచ్చే ముక్కను మెక్, మాక్ అని ఒకే మనిషికి రెండు రకాలుగా రాసి ఉంటుంది. అక్షరాల బదులు నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి. పేర్లూ మారతాయి. జెస్సీ అన్నావిడ రిజిస్టర్‌లో జానెట్ కావచ్చు, ఎఫీ యూఫీమియా కావచ్చు, పీటర్ అంటే ప్యాట్రిక్ కావచ్చు.

ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత సైట్లో కూడా స్కాట్లాండ్ బాప్తిస్మాలు, పెళ్లిళ్ల సూచికలు ఉన్నాయి. ముందు అక్కడ చూసి, స్కాట్లాండ్స్‌పీపుల్‌లో అసలు పేజీ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

3. 1855 దాకా ఒక్కో మెట్టు దిగండి

స్కాట్లాండ్‌లో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1855 జనవరి 1న మొదలైంది. ఆన్‌లైన్‌లో చిత్రం చూడాలంటే జననమైతే 100 ఏళ్లు, వివాహమైతే 75, మరణమైతే 50 ఏళ్లు దాటి ఉండాలి. ఈ మధ్యవి కావాలంటే ధృవీకరించిన నకలుకు దరఖాస్తు చేసుకోవాలి.

ఎప్పుడూ తెలిసినవాళ్ల నుంచి తెలియనివాళ్ల వైపు నడవాలి. మీ తాత జనన పత్రంలో ఆయన తల్లిదండ్రుల పేర్లు, వాళ్ల పెళ్లి తేదీ, ఊరు ఉంటాయి. ఆ తేదీతో పెళ్లి నమోదు తీస్తే వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లు వస్తాయి. అక్కడితో ఇంకో తరం. 1856 నుంచి 1860 వరకు జనన పత్రాల్లో తల్లిదండ్రుల పెళ్లి తేదీ ఉండదు. ఆ ఐదేళ్లలో పుట్టినవాళ్లయితే అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో 1861లోనో ఆ తర్వాతో పుట్టారేమో చూసి, వాళ్ల పత్రం తీయండి.

అన్నిటికన్నా విలువైనది మరణ పత్రం. చనిపోయింది ఎనభై ఏళ్ల ముసలమ్మ అయినా ఆమె తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు రాస్తారు. అంటే 1858లో పోయిన మనిషి పత్రంతో 1750లలో పుట్టినవాళ్ల పేర్లు తెలియొచ్చు. పుట్టింటి పేరు ముందు ఎం.ఎస్. అని రెండక్షరాలు కనిపిస్తాయి. కింద సమాచారం ఇచ్చినవాళ్ల సంతకం, వరస కూడా ఉంటాయి. కొడుకు చెప్పాడా, పక్కింటివాడు చెప్పాడా చూసుకోండి. నమ్మకం దాన్నిబట్టే.

మీ పూర్వీకుల్లో ఎవరైనా సరిగ్గా 1855లో పుట్టినా, పోయినా అదృష్టం అనుకోండి. మొదటి ఏడాది అధికారులు ఎంతో వివరంగా రాయించారు. జనన పత్రంలో తల్లిదండ్రుల వయసు, వాళ్లు పుట్టిన ఊళ్లు, బిడ్డకు ముందు ఎంతమంది ఉన్నారో ఉంటుంది. మరణ పత్రంలో పిల్లలందరి పేర్లు ఉంటాయి. అంత రాయడం భారమై మరుసటి ఏడాదే తగ్గించేశారు.

మనవాళ్లకు నచ్చే సంగతి ఇంకోటి: 1855 నుంచి అక్కడ జనన పత్రంలో పుట్టిన గంట, నిమిషం కూడా రాస్తున్నారు. కోడలి ముత్తాతకు జాతకం వేయించొచ్చు కదా అని మా ఆవిడ సంబరపడింది.

4. జనాభా లెక్కల్లో ఇల్లంతా చూడండి

1841 నుంచి 1921 దాకా పదేళ్లకోసారి తీసిన లెక్కలు అందుబాటులో ఉన్నాయి. వందేళ్లు దాటితే గానీ బయటపెట్టరు. 1841 లెక్కలో వివరం తక్కువ. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కింది ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. 39 ఏళ్ల మనిషి 35 అని కనిపిస్తాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో లేదు. పుట్టింది ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది)లోనా కాదా అని మాత్రమే రాశారు. ఫైఫ్ కౌంటీలో కొన్ని పారిష్‌ల 1841 కాగితాలైతే అసలే మిగల్లేదు.

1851 నుంచి అసలు ఉపయోగం మొదలవుతుంది. ఇంటి యజమానితో వరస, పెళ్లయిందీ లేనిదీ, అన్నిటికన్నా ముఖ్యంగా పుట్టిన పారిష్ పేరు రాశారు. పాత రిజిస్టర్ల తలుపుకు అదే తాళం చెవి. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి. పాత రికార్డు తీయాలంటే ముందు ఊరు, ఆ తర్వాతే మనిషి పేరు అని మాకు అలవాటు. ఇక్కడా అంతే.

1861 నుంచి ఒక గడి ఎక్కువైంది: కిటికీ ఉన్న గదులెన్ని? మా కోడలి పూర్వీకుల ఇంటి పేజీ తెరిస్తే భార్యాభర్తలు, ఆరుగురు పిల్లలు, భార్య తల్లి. చివర గడిలో '1' అని ఉంది. తొమ్మిది మందికి కిటికీ ఉన్న గది ఒక్కటి. ఆ అంకె చూశాక వాళ్లు నాకు పేర్లుగా మిగల్లేదు, మనుషులయ్యారు. 1911లో అయితే పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు అని కూడా అడిగారు.

పేజీలో మీవాళ్లనే కాదు, పైన కింద ఇళ్లూ చదవండి. ఇంట్లో ఉన్న అత్తగారు, 'మేనల్లుడు' అని రాసిన కుర్రాడు భార్య పుట్టింటి పేరుకు ఆధారమవుతారు. భర్త పోయాక పుట్టింటి పేరుతోనే లెక్కలో రాయించుకున్న ఆడవాళ్లూ ఉన్నారు. మనిషి దొరక్కపోతే అలా కూడా వెతకండి.

5. 1855కు ముందు: పారిష్ రిజిస్టర్లు

ఇవి చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ రాసుకున్న పుస్తకాలు. బాప్తిస్మాలు, పెళ్లి ప్రకటనలు, కొన్నిచోట్ల ఖననాలు. అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553లో మొదలైంది. అన్ని పారిష్‌లకూ అంత పాతవి లేవు. హైలాండ్స్ అనే ఉత్తరాది కొండ ప్రాంతంలో, పశ్చిమ దీవుల్లో చాలాచోట్ల బాగా ఆలస్యంగా మొదలయ్యాయి. మీ పారిష్ పుస్తకం ఏ సంవత్సరం నుంచి ఉందో ముందు చూసుకుంటే లేనిదాని కోసం వెతికే టెన్షన్ తప్పుతుంది.

నమోదు ఎలా ఉంటుందో అందరికీ తెలిసిన మనిషితో చూద్దాం. కవి రాబర్ట్ బర్న్స్ బాప్తిస్మం ఎయిర్ పారిష్ రిజిస్టర్‌లో ఉంది. అందులో రాసింది ఇంతే: అలొవేలో ఉండే విలియం బర్న్స్‌కూ ఆయన భార్య ఆగ్నెస్ బ్రౌన్‌కూ ధర్మబద్ధంగా పుట్టిన కొడుకు, పుట్టింది 1759 జనవరి 25న, బాప్తిస్మం ఇచ్చింది విలియం డాల్రింపుల్, సాక్షులు జాన్ టెన్నంట్, జేమ్స్ యంగ్. తాతల పేర్లు లేవు. కానీ తల్లి ఇంటిపేరు ఉంది, ఊరు ఉంది, సాక్షులు ఉన్నారు. సాక్షులు చాలాసార్లు బంధువులో, పొరుగువాళ్లో అయి ఉంటారు. వాళ్ల పేర్లు తప్పకుండా రాసుకోండి. ఇంకో విషయం, తండ్రి తన ఇంటిపేరును బర్నెస్ అని రాసుకునేవాడు, రిజిస్టర్‌లో ఉన్నది బర్న్స్.

ఇప్పుడు ఈ ఇంట్లో పిల్లల పేర్లు చూడండి. అక్కడ పాత ఆనవాయితీ ఇది: పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్దకూతురికి తల్లి తల్లి పేరు, రెండో అమ్మాయికి తండ్రి తల్లి పేరు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది వివరించక్కర్లేదు. బర్న్స్ ఇంట్లో పెద్దవాడు రాబర్ట్, నాన్న వైపు తాత రాబర్ట్. రెండోవాడు గిల్బర్ట్, అమ్మ వైపు తాత గిల్బర్ట్. మూడోవాడు విలియం, తండ్రి పేరే. పెద్దమ్మాయి ఆగ్నెస్, అమ్మమ్మా ఆగ్నెస్. రెండో అమ్మాయి దగ్గర మాత్రం వరస తప్పింది. నాయనమ్మ ఇసబెల్లా, అమ్మాయికి పెట్టింది అనబెల్లా. ఇసబెల్లా అన్న పేరు చివరి అమ్మాయికి వచ్చింది. అందుకే ఈ ఆనవాయితీని దారి చూపడానికే వాడండి, సాక్ష్యంగా కాదు. పసిబిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టడం కూడా ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు జాన్‌లు కనిపిస్తే కంగారు పడొద్దు.

పెళ్లి నమోదులో తేదీ పెళ్లిది కాకపోవచ్చు, చర్చిలో ప్రకటన చదివిన రోజుది కావచ్చు. వధూవరులవి వేరే పారిష్‌లైతే రెండుచోట్లా ప్రకటన ఉంటుంది. ఒకచోట లేని వివరం రెండోచోట దొరుకుతుంది.

6. రిజిస్టర్‌లో లేకపోతే

లేనంత మాత్రాన వాళ్లు అక్కడ పుట్టలేదని కాదు. 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకూ మూడు పెన్నీల పన్ను ఉండేది, కట్టలేక చాలామంది రాయించుకోలేదు. కేథలిక్కులు, వేరే సంఘాల వాళ్లు వేరే పుస్తకాల్లో ఉంటారు. 1843లో చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ చీలిపోయి ఫ్రీ చర్చ్ ఏర్పడింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు కనిపించకపోతే ఆ వైపు చూడండి.

పెళ్లి దొరక్కపోతే ఇంకో కారణం ఉండొచ్చు. చర్చి లేకుండా, ఇద్దరూ భార్యాభర్తలమని ఒప్పుకుంటే అక్కడ చట్టం 1940 దాకా దాన్ని పెళ్లిగానే చూసింది. బర్న్స్, జీన్ ఆర్మర్‌లది అలాంటిదే. 1788 ఆగస్టు 5న మాఖ్లిన్ చర్చి పెద్దల ముందు ఆ సంగతి ఒప్పుకున్నారు, ఆయన పేదల నిధికి ఒక గినీ (అప్పటి బంగారు నాణెం) ఇచ్చాడు. ఇవన్నీ 'కిర్క్ సెషన్' పుస్తకాల్లో ఉంటాయి. కిర్క్ సెషన్ అంటే ఒక విధంగా చర్చి పంచాయితీ. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకు తండ్రి ఎవరో తేల్చింది కూడా ఇక్కడే. చాలావాటి పేజీలు స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఉచితంగా తిప్పి చూడొచ్చు. పేర్ల సూచిక ఉండదు, ఓపిగ్గా చదవాలి. ఎవరి తప్పో బయటపడిందని ఇప్పటివాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ బిడ్డ బతికింది కాబట్టే మీరున్నారు.

7. ఒకే పేరున్న ఇద్దరు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఒకే పారిష్‌లో, రెండేళ్ల తేడాతో పుట్టిన, ఒకే పేరున్న ఇద్దరిలో నేను తప్పు మనిషిని పట్టుకుని రెండు నెలలు అతని తాతముత్తాతల్ని వెతికాను. వయసు సరిపోయింది, వృత్తి సరిపోయింది. చివరికి అసలు మనిషి 1862 మరణ పత్రం తెరిస్తే తల్లి పుట్టింటి పేరు వేరు. రాసుకున్నదంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. మీరు ఆ మరణ పత్రాన్ని ముందే తీయండి. మూడు వేర్వేరు కాగితాల్లో తల్లి పేరు కలిస్తేనే తరాన్ని ఖాయం చేసుకోండి. రెండోవాడు చిన్నప్పుడే చనిపోయాడా, ఇంకోచోట పెళ్లి చేసుకున్నాడా అన్నది కూడా తేల్చండి.

8. మద్రాసు వైపు వచ్చినవాళ్లయితే

ఈస్టిండియా కంపెనీ కాలంలో స్కాట్లాండ్ నుంచి మన వైపు చాలామంది వచ్చారు. సీడెడ్ జిల్లాల్లో కలెక్టరుగా చేసి, రాయలసీమలో పిల్లలకు తన పేరు పెట్టుకునేంత అభిమానం సంపాదించిన థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అలాంటివాళ్ల జననం అక్కడి పుస్తకంలో, మరణం ఇక్కడి పుస్తకంలో ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరసలో ఉన్నాయి. ఇండియాలోని బ్రిటిష్ కుటుంబాల చరిత్ర కోసం పనిచేసే ఫిబిస్ అనే సంస్థ సైట్లో చాలా పేర్లు ఉచితంగా వెతకొచ్చు.

ఇక్కడి ఖననం నమోదులో పేరు, వయసు, ఉద్యోగం తప్ప తల్లిదండ్రుల పేర్లు సాధారణంగా ఉండవు. అక్కడ దారం తెగినట్టు అనిపిస్తుంది. మీ పూర్వీకుడు కంపెనీ సైన్యంలో అధికారిగా చేరినవాడైతే బ్రిటిష్ లైబ్రరీలోనే క్యాడెట్ (అధికారిగా శిక్షణకు చేరే కుర్రాడు) దరఖాస్తులు అడగండి. వయసు రుజువు కోసం వాటికి బాప్తిస్మం పత్రం నకలు జతచేసేవాళ్లు. సొంత పారిష్ పుస్తకం చూసి రాసిచ్చిన ఆ చిన్న కాగితంలో మీకు కావలసిన పారిష్ పేరు ఉంటుంది. దానితో మళ్లీ ఐదో మెట్టు దగ్గరికి రండి.