విశాఖలో న్యాయవిద్య ప్రవేశ పరీక్షకు సిద్ధపడే విధానం

ముందుగా ఏ కళాశాలలో చేరదలచుకున్నారో తేల్చుకోవాలి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ రాయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలకు రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ రాయాలి.

ఈ రెండింటికీ ఒకే తరహా సాధన సరిపోదు. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలుంటాయి, తప్పు సమాధానానికి మార్కులు తగ్గవు కనుక ఏ ప్రశ్ననూ వదలకూడదు. క్లాట్‌లోనూ ప్రశ్నలు 120 అయినా వ్యవధి 120 నిమిషాలు, ప్రతి తప్పుకూ పావు మార్కు పోతుంది.

క్లాట్‌లో అసలు కష్టం ప్రశ్నలకు ముందు ఇచ్చే పేరాను చదవడంలోనే ఉంది. ఉదాహరణకు, అనుమతి లేకుండా పరుల స్థలంలోకి బుద్ధిపూర్వకంగా ప్రవేశిస్తే, కారణమేదైనా అది అతిక్రమణేనని పేరాలో ఇచ్చారనుకుందాం. తుపాను హోరులో పడవను కాపాడుకోవడానికి పెదజాలరిపేట మత్స్యకారుడొకరు దాన్ని పక్కవారి ప్రహరీలోకి లాగారన్నది ప్రశ్న. మనసు ఆయన పక్షానే నిలుస్తుంది, అత్యవసరానికి చట్టం మినహాయింపునిస్తుందని ఎక్కడో చదివినదీ గుర్తొస్తుంది. అయినా పేరాలోని నియమాన్నే అన్వయించి, అతిక్రమణ జరిగిందనే గుర్తించాలి. ఎంతో చదివిన విద్యార్థులు సైతం ఇక్కడే మార్కులు పోగొట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

క్లాట్ ఆంగ్లంలో ఉంటుందని తెలుగు మాధ్యమంలో చదివినవారు వెనుకాడనక్కరలేదు. రోజూ ఒక ఆంగ్ల సంపాదకీయం చదివి, దాని వాదనను తెలుగులో మూడు వాక్యాల్లో రాసుకుంటే పట్టు చిక్కుతుంది. క్లాట్ సమాధానాలను ఓఎంఆర్ పత్రంపై పెన్నుతో దిద్దాలి కాబట్టి, ఇంటి దగ్గర నమూనా పరీక్షలను కూడా గడియారం ఎదుట పెట్టుకుని, వృత్తాలు నింపుతూనే రాయాలి.