కాల్చని మట్టి ఇటుక, నాలుగో పాఠం: ఎండ జోలికి పోకండి

ఈసారి గోడ కట్టుబడి మొదలుపెట్టాలి. సిమెంటు కలిపిన మట్టిని అదిమి ఇటుకగా చేసే ప్రెస్సు నుంచి ఇటుకలు తీసిన తర్వాత మీరు రాసిన ఉత్తరాలు చదివాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. కొందరికి పగుళ్లు వచ్చాయి, చాలామందికి అంచులు రాలుతున్నాయి.

పగుళ్లొస్తే మట్టిలో బంక ఎక్కువని అర్థం. ఇసుక కలపండి. బంక మరీ ఎక్కువుండే నల్లరేగడిని సున్నంతో దారికి తేవచ్చు కానీ, నేర్చుకునే దశలో ఆ తంటా ఎందుకు? వేరే మట్టి చూసుకోండి.

అంచులు రాలడానికి కారణం ఎండ. బట్టీ ఇటుకల అలవాటుతో మీరు వాటిని తీయగానే ఎండలో పరిచారు. బట్టీకి వెళ్లే పచ్చి ఇటుక ముందు ఆరాలి, లేకపోతే మంటలో పగులుతుంది. దానికి గట్టిదనం ఇచ్చేది మంట. మనకు మంట లేదు. ఆ పనంతా 100 కిలోల మట్టిలో మీరు కలిపిన 6 కిలోల సిమెంటే చేయాలి. సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు, నీటితో రసాయనిక చర్య జరిగి గట్టిపడుతుంది. నీరు ఆవిరైపోతే ఆ చర్య మధ్యలో ఆగిపోతుంది. అంచులు ముందు ఆరతాయి, అవే ముందు రాలతాయి.

ఎండిన ఇటుక చేతికి గట్టిగానే తగులుతుంది. నమ్మకండి. అది బంకమట్టి బిగువు, నీళ్లు తగిలితే పోతుంది. తర్వాత తడిపితే కొంత కోలుకుంటుంది, పూర్తిగా కాదు. సిమెంటు పెంచుతామంటారా? తడి లేకపోతే అదీ దండగే. పైగా సిమెంటు తయారయ్యేది దాదాపు 1450 డిగ్రీల బట్టీలో. ఇటుక కాల్చకుండా మిగిల్చిన ఇంధనాన్ని అక్కడ తగలేయడమెందుకు? నేనైతే 8 శాతం దాటను.

తీసిన ఇటుకలను నీడలో పేర్చి, ప్లాస్టిక్ పట్టా గాలి ఆడకుండా కప్పండి. మొదటి రోజు నీళ్లు పోయవద్దు, ముక్కలవుతాయి. మర్నాటి నుంచి చిలకరించండి. కనీసం 7 రోజులు తడి తగ్గకూడదు. నేను 14 రోజులు ఉంచుతాను. 28 రోజులు నిండేదాకా గోడకు ఎక్కించవద్దు.

అభ్యాసం: ఒకే మిశ్రమంతో ఆరు ఇటుకలు చేసి, మూడింటిని నీడలో తడిగా, మూడింటిని ఎండలో ఉంచండి. 29వ రోజున ఆరింటినీ 24 గంటలు నీళ్లలో ముంచి తీసి, అంచులను మేకుతో గీయండి. గీత లోతు కొలిచి రాసుకోండి. ఆ కొలతలు లేకుండా వచ్చే పాఠం తెరవవద్దు.