కన్వర్టర్ మోడల్లో మిక్సింగ్ టైమ్ ఎక్కువ వస్తోందా? ముందు గ్యాస్ డెన్సిటీ చూడండి

సమస్య: ఉక్కు తయారుచేసే పాత్ర (కన్వర్టర్)కి నీళ్లు నింపి చేసిన చిన్న నమూనా, అంటే నీళ్ల మోడల్‌తో సిమ్యులేషన్ చక్కగా కలిసింది. అదే సెటప్‌ని కరిగిన ఉక్కుకి మార్చి అడుగు నుంచి ఆర్గాన్ ఊదితే బాత్ (పాత్రలోని ద్రవం) మందకొడిగా తిరుగుతోంది. మిక్సింగ్ టైమ్ (బాత్ అంతా సమంగా కలవడానికి పట్టే సమయం) ప్లాంటులో కొలిచినదానికి ఒకటిన్నర రెట్లు పైనే వస్తోంది.

ఇది చూడగానే చాలామంది టర్బులెన్స్ మోడల్ (సుడుల లెక్క) మారుస్తారు, మెష్ (లెక్క కోసం బాత్ ని విడగొట్టిన గడులు) చిన్నది చేస్తారు, బుడగలకి ద్రవం ఇచ్చే నిరోధాన్ని సూచించే డ్రాగ్ కోఎఫిషియెంట్‌ని అటూ ఇటూ జరిపి ఎలాగోలా అంకె కలిపేస్తారు. దయచేసి అలా చేయకండి. ముందు బాత్‌లో రెండు అడ్డ తలాలు పెట్టండి: ఒకటి గ్యాస్ ఊదే గొట్టం, అంటే ట్యూయర్‌కి కాస్త పైన, ఇంకోటి ఉపరితలానికి కాస్త కింద. సెకనుకి ఒక్కోదాని గుండా సగటున ఎన్ని ఘనపు మీటర్ల గ్యాస్ పోతోందో చూడండి. బాత్ లోతు 1.5 మీటర్లయితే పై అంకె కింది అంకెకి దాదాపు రెట్టింపు ఉండాలి. రెండూ సమానంగా ఉన్నాయంటే తప్పు దొరికినట్టే.

కారణం: ఫ్లోమీటర్ చెప్పేది నార్మల్ క్యూబిక్ మీటర్లు, అంటే 0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గరి లెక్క. ఉక్కులోకి దిగిన ఆర్గాన్ చాలా త్వరగా 1600 డిగ్రీలకి చేరుకుంటుంది. కెల్విన్లలో 1600 డిగ్రీలు అంటే 1873, 0 డిగ్రీలు అంటే 273. 1873ని 273తో భాగించండి: ఉపరితలం దగ్గర గ్యాస్ దాదాపు 6.9 రెట్లు ఉబ్బుతుంది. అడుగున ఉక్కు బరువు ఇంకో అట్మాస్ఫియర్ ఒత్తిడి కలుపుతుంది కాబట్టి అక్కడ 3.4 రెట్లే. మీ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లో మాత్రం ఆర్గాన్ డెన్సిటీ 300 కెల్విన్ దగ్గరిది, ఘనపు మీటరుకి 1.62 కిలోలు, మారకుండా కూర్చుంటుంది. ఉపరితలం దగ్గర నిజానికి అది 0.26 ఉండాలి. మాస్ ఫ్లో (సెకనుకి ఎన్ని కిలోల గ్యాస్ పోతోందన్నది) సరిగ్గా ఇచ్చినా గ్యాస్ ఉబ్బదు కాబట్టి కలియబెట్టే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. మిక్సింగ్ టైమ్ సుమారుగా శక్తి ఘనమూలానికి విలోమంగా మారుతుంది కనుక 1.6 రెట్లు ఎక్కువ కనబడుతుంది.

నీళ్లలో ఇది బయటపడదు. అర మీటరు నీటికి ఒత్తిడి తేడా 5 శాతమే, వేడి తేడా అసలు లేదు. అక్కడ స్థిరమైన డెన్సిటీతోనే జవాబు కలుస్తుంది, ఆ నమ్మకంతో ఉక్కు దగ్గర ఎవరూ దాన్ని అనుమానించరు.

పరిష్కారం: ఇన్‌లెట్‌లో మాస్ ఫ్లో ఇవ్వండి (నార్మల్ క్యూబిక్ మీటరు ఆర్గాన్ 1.784 కిలోలు). ఉష్ణోగ్రత 1873 కెల్విన్ పెట్టి, డెన్సిటీని లోతుని బట్టి మారే ఫార్ములాగా రాయండి. ఐడియల్ గ్యాస్ (వేడి, ఒత్తిడిని బట్టి డెన్సిటీ మార్చే ఆప్షన్) ఎంచుకున్నా సరే, కానీ ఇన్‌కంప్రెసిబుల్ ఐడియల్ గ్యాస్ జోలికి పోవద్దు. దానికి స్థానిక ఒత్తిడి పట్టదు, అడుగున కూడా 6.9 రెట్లే వేస్తుంది, ఈసారి మిక్సింగ్ టైమ్ తక్కువ వస్తుంది. ఇన్‌లెట్ దగ్గర వేడికి సరిచేసిన ఘనపరిమాణం ఇచ్చి, లోపల మళ్లీ వ్యాకోచం లెక్కకట్టడం ఇంకో పొరపాటు. ప్లాంటు ఫ్లోమీటర్ రిఫరెన్స్ 0 డిగ్రీలా, 20 డిగ్రీలా అన్నది అడిగి తెలుసుకోండి.

డెన్సిటీ సరిచేశాక కూడా తేడా ఉంటే, బాత్ ఎంత కలిసిందో చూడటానికి వేసే ట్రేసర్‌ని ఒకే చోట కొలుస్తున్నారేమో చూడండి. నాలుగైదు చోట్ల పెట్టి, 95 శాతం చేరడానికి అన్నిటికన్నా ఆలస్యమైన చోటిని లెక్కలోకి తీసుకోండి. ప్లూమ్ (పైకి లేచే బుడగల స్తంభం) కడ్డీలా సన్నగా లేస్తుంటే టర్బులెంట్ డిస్పర్షన్ (సుడులు బుడగల్ని చెదరగొట్టే లెక్క) ఆన్ చేయలేదని అర్థం. స్లాగ్ (ఉక్కు మీద తేలే మడ్డి) పొర, బుడగలు కలిసిపోవడం లాంటివి చివర్న చూసుకోవచ్చు, ఇంత పెద్ద తేడా వాటి వల్ల రావడం అరుదు.