బడి పిల్లలు ఆకుకూర తినాలంటే ముందు కూరమడి కట్టించండి

తోటకూర అంటే ముఖం తిప్పుకునే పిల్లలు తాము విత్తిన తోటకూరను మాత్రం అడిగి వడ్డించుకుంటారు. గుంటూరులో మా బడి వెనుక చిన్న మడి కట్టిన మొదటి ఏడాదే ఇది కళ్లారా చూశాను. అంతకు ముందు విటమిన్ల పట్టిక గోడకు అతికించి చదివించేదాన్ని. పట్టిక నోటికి వచ్చింది, పళ్లెంలో కూర అలాగే మిగిలింది. అందుకే పాఠం మట్టితో మొదలుపెట్టమని చెబుతాను.

మడి

జూన్‌లో బడి తెరిచి, నాలుగు వానలు పడ్డాక పని మొదలుపెట్టండి. రోజుకు అయిదారు గంటలు ఎండ తగిలే చోటు చూడండి. వెడల్పు మూడు అడుగులు మించకూడదు. అప్పుడే పిల్లలు మడి తొక్కకుండా రెండు వైపుల నుంచీ కలుపు తీయగలరు. మనది నల్లరేగడి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కాబట్టి మడిని అర అడుగు ఎత్తుగా పోయించి, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. స్థలం లేని బడుల్లో పాత బియ్యం సంచులు చాలు.

వంగ, టమాటా జోలికి ముందే వెళ్లకండి. కాపు రావడానికి రెండు నెలలు దాటుతుంది, మూడో తరగతి పిల్లలకు అంత ఓపిక ఉండదు. మెంతికూర 20 నుంచి 25 రోజుల్లో, తోటకూర, గోంగూర నెల రోజుల్లో కోతకు వస్తాయి. తోటకూర విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. పొడి ఇసుకలో కలిపి చల్లిస్తే ఒకే చోట గుట్టపడదు. మెంతులు రాత్రంతా నానబెట్టి విత్తించండి. ప్రతి వరుస పక్కన విత్తిన తేదీ రాసిన అట్టముక్క ఉండాలి. మొలక వచ్చిన రోజు, మూడో ఆకు వేసిన రోజు, పురుగు కనిపించిన రోజు పిల్లలే నోటు పుస్తకంలో రాసుకోవాలి.

ప్రకృతి వ్యవసాయం చూపించాలనుకుంటే జీవామృతం అనే ద్రవ ఎరువు చేయించండి. 20 లీటర్ల నీటికి కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. నీడలో ఉంచి, రోజూ కర్రతో కలుపుతూ రెండు రోజులు ఆగాలి. కలిపే పని పెద్దలే చేయాలి. ఆకుల మీద పడకుండా మొదళ్లలో పోసి, కోతకు వారం ముందు ఆపేయండి.

బజారు, పొలం

ఇంతలో ఒక ఉదయం రైతు బజారుకు తీసుకెళ్లండి. 1999లో మొదలైన ఈ బజార్లలో ధరల పట్టిక కనబడేలా ఉంటుంది. నలుగురికి ఒక జట్టు, జట్టుకు వంద రూపాయలు. నాలుగు రంగుల కూరలు కొనాలి, ప్రతి రైతునూ "ఏ ఊరి నుంచి తెచ్చారండీ?" అని అడగాలి. లెక్కలు, భూగోళం అక్కడే వచ్చేస్తాయి.

పొలానికి వెళ్లేది నవంబరు తర్వాతే మంచిది. విజయవాడ బడులకు ప్రకాశం బ్యారేజీ దాటితే ఉండవల్లి, పెనుమాక. గుంటూరు వాళ్లకు దుగ్గిరాల వైపు పసుపు, అరటి. ముందుగా మీరు వెళ్లి రైతుతో మాట్లాడండి. ఇటీవల మందు కొట్టిన చేలోకి పిల్లలను ఎట్టి పరిస్థితిలోనూ దింపవద్దు. మిర్చి చేలలో ఈ జాగ్రత్త మరీ అవసరం. రైతుకు ఉపన్యాసం అప్పగించకండి. ఒక పాదు దగ్గర నిలబడి తన పని తాను చేసుకుంటే చాలు, ప్రశ్నలు పిల్లలే వేస్తారు.

పళ్లెం

కోత రోజును పండుగలా జరపండి. సబ్బుతో చేతులు కడుక్కుని, పిల్లలే ఆకు గిల్లి, మూడు నీళ్లలో కడగాలి. వంట చేసే ఆయమ్మతో ముందే మాట్లాడి, ఆ రోజు మధ్యాహ్న భోజనంలో తోటకూర పప్పు వేయించండి. పైన నిమ్మకాయ పిండమనండి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయపడుతుంది. పోషకాల మాట ఇప్పుడు చెప్పండి, నోట్లో ముద్ద ఉండగా బాగా ఎక్కుతుంది. ఎవరైనా వద్దంటే బలవంతం చేయకండి, ఒక్క ముద్ద రుచి చూడమనండి. రెండో కోతకు అడుగుతారు.

రెండు మొక్కలను కోయకుండా వదిలేయండి. కంకి ఎండాక విత్తనం దులిపి, కాగితం పొట్లాల్లో కట్టి, పేరు, తేదీ రాసి, వేసవి సెలవులకు ముందు తలా ఒకటి ఇంటికి ఇచ్చి పంపండి.